పంతొమ్మిది రెళ్ళూ ఒక సున్నా

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. లెక్కల శాఖలో ముప్పై నాలుగేళ్ళు చెప్పులరిగేలా తిరిగిన ముసలాడు కదా, నాలుగు మంచి మాటలు చెప్తాడని వాళ్ళ ఆశ. కాఫీ తాగి, "మీ సర్వీసులో గొప్ప సర్వే ఏదండీ?" అని అడుగుతారు. గొప్పవేవీ గుర్తు లేవు నాయనా, చెడగొట్టింది ఒకటుంది, అదైతే ఇంటి నంబరుతో సహా గుర్తుంది అంటాను. సగం మంది అక్కడితో వాచీ చూసుకుంటారు. ఉండిపోయిన సగం మంది కోసం ఇది రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు. బెజవాడని చాలామంది ఇంకా విజయవాడ అనేవారు కాదు. బియ్యం కంట్రోలు, కిరసనాయిలు కంట్రోలు, గుడ్డ కంట్రోలు. చేతిమగ్గాలకి నూలు కూడా కంట్రోలే. కార్డున్న మగ్గానికి నెలకిన్ని కట్టలని లెక్క. ఆ కట్టలు కూడా ఒక నెల వస్తే రెండు నెలలు రావు. ఆ లెక్కలు చూడటానికి గవర్నర్‌పేటలో ఒక మేడ మీద ఆఫీసు పెట్టారు. అందులో నేను టెంపరరీ ఎన్యూమరేటర్ని, అంటే ఊళ్ళు తిరిగి, అడిగి, రాసుకొచ్చేవాణ్ణి. వయసు ఇరవై మూడు. డిగ్రీలో లెక్కలు. జేబులో డబ్బుల్లేవు గానీ ఒంటి నిండా పొగరు.

మా సూపర్వైజరు గారు మద్రాసులో ఎం.ఏ. చదివి వచ్చినాయన. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. మనిషి మంచివాడే, అబద్ధమెందుకు, కానీ కాగితం మీద లేనిది లోకంలో లేదనుకునే రకం. పెద్ద గుమాస్తా గారు అందుకు పూర్తిగా విరుద్ధం. రెవెన్యూలో పండిపోయి వచ్చినాయన, ఇంటర్మీడియెట్ కూడా గట్టెక్కలేదు. ముక్కుపొడుం పీల్చి, తుమ్మి, ఆ తర్వాతే ఫైలు తెరిచేవాడు. ఆయన తుమ్మినప్పుడల్లా మేం కుర్రాళ్ళం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకుని నవ్వుకునేవాళ్ళం.

ఆ ఏడు మాకు అప్పజెప్పిన పని చెప్తాను వినండి. నేతగాళ్ళ ఊళ్ళలో ఏవి బొత్తిగా చితికిపోయాయో తేల్చాలి. తేలిన ఊళ్ళకి గంజి కేంద్రం పెడతారు, అదనంగా నూలు ఇస్తారు. ఊరికి వందల మగ్గాలుంటాయి, అన్నీ చూడలేం. కాబట్టి ఊరికి ఇరవై మగ్గాల చొప్పున చీట్లు తీసి, ఆ ఇళ్ళకే వెళ్ళి, పోయిన వారం ఎన్ని చీరలు నేసి దింపారని అడగాలి. ఇరవై జవాబులూ కూడి ఇరవైతో భాగిస్తే వచ్చే సగటు ఒకటికి తక్కువైతే ఆ ఊరు జాబితాలోకి ఎక్కుతుంది. ఒకటి దాటితే లేదు. ఇంకో నిబంధన కూడా ఉంది. ఇరవైలో ఏ ఒక్క ఇల్లు సున్నా అని చెప్పినా, ఇంకో మనిషిని వెంటబెట్టుకుని మరోరోజు ఆ ఊరు మళ్ళీ వెళ్ళి చూడాలి.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకు చూస్తే చాలంటారు కదా, ఇదీ అంతే అని సూపర్వైజరు గారు మాకు మొదటిరోజే చెప్పారు. నిజమే. కాకపోతే కుండ కలిపి పట్టుకోవాలి. మనం మెతుకు పట్టుకోబోతున్నామని కుండకి ముందే తెలియకూడదు. ఈ రెండో ముక్క మా ఆఫీసులో ఎవరికీ తట్టలేదు. చీట్లలో వచ్చిన ఇరవై ఇళ్ళవాళ్ళూ ఆ రోజు ఇంటిపట్టున ఉండాలి కదా అని, వారం ముందే ఆ పేర్లన్నీ ఊరి మునసబుకి ఉత్తరం రాసి పంపేవాళ్ళం. మర్యాద అనుకున్నాం. పైగా, ఎందుకు లెక్క తీస్తున్నామో మాత్రం చెప్పకూడదని ఆర్డరు. గంజి కోసమని తెలిస్తే జనం అబద్ధాలాడతారట!

చల్లపల్లికి అవతల, కాలవ పక్కన ఒక నేతగాళ్ళ ఊరు నాకు పడింది. పేరు రాయను, వాళ్ళ మనవలు ఇంకా అక్కడే ఉన్నారు. పెట్రోలు దొరకని రోజులు కాబట్టి బస్సులు బొగ్గు మీద నడిచేవి. వెనకాల బొగ్గు పొయ్యి, ముందర మేము. ఎక్కడ ఎత్తు వస్తే అక్కడ దిగి నెట్టేవాళ్ళం. చల్లపల్లిలో దిగేసరికి నా తెల్లచొక్కా బూడిదరంగుకి తిరిగింది. అక్కణ్ణుంచి కాలవ గట్టు మీద నడక.

ఊరి మొదట్లోనే కులపెద్ద ఎదురొచ్చాడు. బక్కపలచటి మనిషి, భుజం మీద తువ్వాలు, మాట తేనె. "దయచెయ్యండి బాబుగారూ, ఎండన పడొచ్చారు, ముందు మజ్జిగ పుచ్చుకోండి" అని అరుగు మీద కూర్చోబెట్టాడు. మజ్జిగ తాగాను. మొదటి రెండిళ్ళూ చూశాను. మళ్ళీ మజ్జిగ. ఇంకో రెండిళ్ళు. "అయ్యో బాబుగారూ, కాస్త నీడపట్టున ఆగండి, వడకొడుతుంది." ఆ రోజు సాయంత్రానికి నా కడుపులో మజ్జిగే తప్ప మరోటి లేదు. ఎంత గౌరవమో అని మురిసిపోయాను, వెర్రివెధవని.

ఏ ఇంట్లో చూసినా మగ్గం మీద పడుగు ఉంది. నిలువు దారాలు బిగించి, ఓ బారెడు నేత నేసి ఉంది. ఎర్ర అంచు చీర. "పోయిన వారం ఎన్ని దింపారు?" అంటే, "రెండండీ" అన్నారు. పక్కింట్లోనూ రెండే. ఆ పక్కింట్లోనూ రెండే. ఎనిమిదో ఇంటికొచ్చేసరికి, "ఈ ఊళ్ళో అందరూ ఎర్ర అంచే నేస్తారా?" అని అడిగాను. "మా ఊరి వాడుక బాబుగారూ" అన్నాడు కులపెద్ద. బాగుందనుకుని, ఫారం కింద ఖాళీ ఉంటే ఆ ముక్క కూడా రాసుకున్నాను.

ఇరవయ్యో ఇల్లు వీధి చివర. మగ్గం యజమాని కూలికి పోయాడట. అతని భార్య మగ్గం పక్కన నిలబడి ఉంది. పాతికేళ్ళుంటాయేమో. చంకలో మూడు నాలుగేళ్ళ పిల్ల. ఆ వయసు పిల్ల కొత్తవాణ్ణి చూస్తే ఏడవాలి, లేకపోతే దాక్కోవాలి. ఈ పిల్ల రెండూ చెయ్యలేదు. కాళ్ళు నీరు పట్టి ఉన్నాయి. మగ్గం మీద మాత్రం ఎర్ర అంచు చీర, బారెడు నేత, అన్నీ ఉన్నాయి.

"పోయిన వారం ఎన్ని దింపారమ్మా?"

ఆవిడ కులపెద్ద వంక చూసింది. పిల్ల వంక చూసింది. "ఏమీ దింపలేదయ్యా" అంది. "రెండు నెల్లనించీ నూలు మొహం చూళ్ళేదు. ఈ పడుగు మాది కాదు."

కులపెద్ద పకపకా నవ్వాడు. "దానికి మొన్న జొరం తగిలిందండి, తల తిరుగుడుగా ఉంది. రెండే రాసుకోండి బాబుగారూ."

"నా తల బానే ఉంది మావా" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "అయ్యా, నేను చెప్పిందే రాసుకోండి."

రాసుకున్నాను. సున్నా చుట్టాను. ఆవిడకి చదువు రాదు, కానీ నా చేతి వంకే చూస్తూ ఉంది. సున్నా గుర్తుపట్టడానికి చదువక్కర్లేదు కదా. ఫారంలో 'మగ్గం యజమాని పేరు' అని ఉంటే ఆవిడ భర్త పేరు రాశాను. ఆవిడ పేరు రాయడానికి గడి లేదు, నేనూ అడగలేదు. "ఈ పడుగు ఎవరిదమ్మా మరి?" అని కూడా అడగలేదు. చల్లపల్లిలో ఆఖరి బస్సు ఉందో పోయిందోనని ఆ కంగారులో ఉన్నాను.

మర్నాడు ఆఫీసులో ఫారం పరిచి కూర్చున్నాను. మీ పుస్తకాల్లో మొదటి పాఠంలోనే ఉంటాయి ఇవన్నీ. సగటంటే అందరివీ కలిపి, అందరికీ సమంగా పంచితే తలా ఎంతొస్తుందో అది. మధ్యగతమంటే చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసగా నిలబెడితే నట్టనడుమ నిలబడేది. బాహుళకమంటే ఎక్కువసార్లు కనబడేది. వ్యాప్తి అంటే అన్నిటికంటే పెద్దదాంట్లోంచి అన్నిటికంటే చిన్నది తీసేస్తే మిగిలేది. నా పంతొమ్మిది ఇళ్ళకీ సగటు రెండు, మధ్యగతం రెండు, బాహుళకం రెండు. మూడూ ఒకే అంకె మీద కూర్చున్నాయి. వ్యాప్తి ఏమీ లేదు. నేను అంత నిక్కచ్చిగా అడిగి రాసుకొచ్చాననుకున్నాను. ఆ ఇరవయ్యో అంకె ఒక్కటే పంటికింద రాయిలా అడ్డుపడుతోంది.

పెద్ద గుమాస్తా గారు పక్కగా వెళుతూ ఆగి, కళ్ళజోడు పైకి తోసుకుని ఆ ఫారం చూశారు. తుమ్మారు. "ఏమోయ్ అబ్బాయ్, సంతర్పణలో పంతొమ్మిది మంది బంతిలో కూచుంటే పంతొమ్మిది మందీ లెక్కపెట్టినట్టు రెండేసి గారెలే తింటారుటయ్యా? ఒకడికి అరగదు, ఒకడికి ఆకలి. ఇదేం ఊరోయ్?"

"అది డేటా అండీ, గారెలు కాదు" అన్నాను. చుట్టుపక్కల కుర్రాళ్ళు నవ్వారు. ఆయన వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు. అప్పటి నా తెలివికి నేనే ముచ్చటపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ చొక్కా కాలరు పట్టుకుని నన్ను నేనే నాలుగు తన్నాలనిపిస్తుంది.

సూపర్వైజరు గారి దగ్గరికి ఫారం తీసుకెళ్ళాను. ఆయన సున్నా మీద పెన్సిలు పెట్టి, "ఇదేమిటి?" అన్నారు.

"ఆవిడకి జ్వరంటండి. మతి సరిగా లేదని పెద్దమనిషి చెప్పాడు. మగ్గం మీద పడుగు నా కళ్ళతో చూశానండీ."

"అయితే నమ్మదగిన అంకె కాదన్నమాట. నువ్వు చూసొచ్చావు, నీ ఇష్టం. ఉంచితే రూల్ ప్రకారం మళ్ళీ వెళ్ళాలి. తీసేస్తే పంతొమ్మిదితో క్లోజ్ చెయ్యి."

నా ఇష్టమట. ఆ నెలాఖరుకి ఎక్కువ ఊళ్ళు పూర్తిచేసినవాళ్ళలో నలుగురిని పర్మనెంటు చేస్తారని మేడంతా గుసగుసలు. మళ్ళీ ఆ బొగ్గు బస్సు, ఆ గట్టు నడక, ఒక రోజు దండగ. ఎర్రసిరా కలం తీసుకుని సున్నా మీద అడ్డంగా గీత గీశాను. పక్కన 'సమాచారం సందేహాస్పదం' అని రాసి సంతకం పెట్టాను. సాయంత్రం హోటలుకెళ్ళి నెయ్యి వేయించుకుని ఇడ్లీ తిన్నాను.

ఇక్కడొక సంగతి. ఆ సున్నా ఉంచినా సగటు ముప్పై ఎనిమిదిని ఇరవైతో భాగిస్తే వచ్చేదే, అంటే రెండుకి పదో వంతు తక్కువ. లెక్క ప్రకారం ఊరు ఎలాగూ జాబితాలోకి ఎక్కదు. కాబట్టి నా తప్పేముంది అని చాలా రోజులు నన్ను నేను సముదాయించుకున్నాను. సగటు కదలకపోతే పోనీ, నేను కదా కదలాల్సింది. ఆ ఒక్క అంకె నన్ను మళ్ళీ ఆ ఊరు పంపించి ఉండేది. అది దాని పని. ఆ పని నేను చెయ్యనివ్వలేదు.

జాబితా వచ్చింది. ఆ ఊరు లేదు. అక్కడికి కోసెడు దూరంలో ఉన్న పక్కూరు ఉంది. దాని కథ కూడా చిత్రమే. మా ఉత్తరం తపాలాలో ఎక్కడో చిక్కుపడి మునసబుకి చేరనే లేదట. మా ఇంకో ఎన్యూమరేటరు చెప్పాపెట్టకుండా దిగేసరికి మగ్గాలన్నీ బోడిగా దొరికాయి. ఆ ఊరికి గంజి కేంద్రం వచ్చింది.

రెండు నెలలు గడిచాక, ఆ గంజి కేంద్రానికి రోజూ ఎంతమంది వస్తున్నారో చూసి రమ్మని నన్ను పంపారు. పొద్దున్న పదిగంటల వేళ. పెద్ద గంగాళాలు, సత్రం ముందు బారులు తీరి జనం. ముంత పట్టుకున్నవాళ్ళు, పిడత పట్టుకున్నవాళ్ళు. వడ్డించేవాడు కార్డు చూసి, ఊరు చూసి పోస్తున్నాడు. నేను బల్ల వేసుకుని, మనిషికో గీత చొప్పున గీతలు గీస్తున్నాను.

"ఈ ఊరు కాదుగా నువ్వు, పో అవతలికి" అని వడ్డించేవాడి కేక వినబడి తలెత్తాను. ఆవిడే. చేతిలో సత్తు గిన్నె. చంకలో పిల్ల లేదు.

ఆవిడ వెనక వాళ్ళ ఊరి ఆడవాళ్ళే మరో నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళూ దొంగతనంగా వచ్చినవాళ్ళే. అయినా ఆవిడకి తగలకుండా ఎడంగా నిలబడ్డారు. అది చూసి నాకు అర్థంకాలేదు. బల్ల దగ్గర్నుంచి లేచి వెళ్ళి, "పొయ్యవయ్యా, నేను చెప్తున్నాను" అని వడ్డించేవాడితో అన్నాను. ఆఫీసరు మాట కాబట్టి పోశాడు. ఆ నలుగురికీ పోశాడు.

గిన్నె రెండు చేతులా పట్టుకుని ఆవిడ కదలకుండా నిలబడింది. నన్ను గుర్తుపట్టింది.

"పిల్ల ఏదమ్మా?" అన్నాను.

"పోయిందయ్యా. పద్దినాలైంది. ఇది మా ఇంటాయనకి. లేవలేకుండా ఉన్నాడు."

ఎడంగా నిలబడ్డవాళ్ళలో ఒక పెద్దావిడ అందుకుంది. "అడగవే, అడుగు. బాబుగారే ఉన్నారుగా ఎదురుగా. అడిగి తెలుసుకో నీ నిర్వాకం!"

సంగతేమిటంటే, పక్కూరికి గంజి వచ్చి తమకి రాకపోయేసరికి కులపెద్ద తాలూకా ఆఫీసుకెళ్ళి వాకబు చేశాడట. అక్కడ జవానెవడో, "మీ ఊరి కాగితం మీద ఎర్రసిరా పడిందయ్యా, ఏదో మాట తేడా వచ్చింది" అన్నాడట. అంతే. ఊరంతా ఒక్క మాట మీద నిలబడితే ఇది ఒక్కతీ అడ్డం తిరిగి సున్నా చెప్పింది, అందుకే సర్కారు ఊరంతటినీ దొంగల కింద జమకట్టి కొట్టేసిందని తీర్మానించారు. ఆ ఇంటిని వెలేశారు. నిప్పు ఇవ్వరు, బావిలో చేద వెయ్యనివ్వరు. పిల్ల పోయిననాడు మోసుకెళ్ళడానికి కూడా ఎవరూ రాలేదు. భర్తే ఎత్తుకెళ్ళాడు.

ఇదంతా పెద్దావిడ చెప్తుంటే ఆవిడ ఒక్క మాటకీ అడ్డు చెప్పలేదు. అంతా అయ్యాక నా వంక చూసి అడిగింది. "నిజమేనా అయ్యా? నేను చెప్పిన సున్నా వల్లేనా మా ఊరు పోయింది? నేనూ రెండనే చెప్పుంటే నా పిల్లకి గంజి దొరికేదా?"

కాదు అనాలి. ఒక్క ముక్క. కాదమ్మా, నీ సున్నా లెక్కలోకే రాలేదు, దాన్ని నేనే కొట్టేశాను, మిగతా పంతొమ్మిది మంది రెండు చెప్పబట్టే మీ ఊరు పోయింది అని చెప్పాలి. ఆ నలుగురూ వింటున్నారు. సాయంత్రానికల్లా ఊరంతా తెలిసేది. వెలి కూడా పోయేదేమో. ఇదంతా నాకు అక్కడ నిలబడ్డ ఆ క్షణంలోనే తెలుసు, తర్వాత తోచింది కాదు.

అప్పటికి నాకు పర్మనెంటు ఆర్డరు వచ్చి మూడు వారాలు. నేనే కొట్టేశానని నా నోటితో నేను చెప్తే, అది ఎవరో ఒకరు పైకి మోసుకెళితే?

"ఆఫీసు సంగతులు బయటికి చెప్పకూడదమ్మా" అన్నాను.

ఆవిడ తల ఊపింది. అర్థమైందన్నట్టు ఊపింది. అవునని చెప్పలేక అలా అంటున్నాననుకుంది. గిన్నె మీద కొంగు కప్పుకుని, గంజి ఒలక్కుండా నెమ్మదిగా గట్టెక్కి వెళ్ళిపోయింది. నేను వచ్చి బల్ల దగ్గర కూర్చుని మిగతావాళ్ళకి గీతలు గీశాను. ఛీ, ఎంత బతుకు.

నాలుగు రోజులు అన్నం సహించలేదు. ఐదో రోజు పెద్ద గుమాస్తా గారి దగ్గరికెళ్ళి మొత్తం కక్కేశాను. తిడతారనుకున్నాను. ఆయన పొడుం డబ్బా తీశారు గానీ మూత తియ్యలేదు, అలాగే పట్టుకుని కూర్చున్నారు. "ఆ ముక్క నాకెందుకు చెప్తావు? ఆవిడకి చెప్పాల్సింది" అన్నారు. తర్వాత తనే సూపర్వైజరు గారి గదిలోకి వెళ్ళారు. లోపల్నించి కేకలు వినబడ్డాయి, కేకలు వేసింది పెద్ద గుమాస్తా గారే. వారం తిరిగేసరికి ఆ ఊరు మళ్ళీ చూడమని ఆర్డరు వచ్చింది. నాతోపాటు ఆయన స్వయంగా బయల్దేరారు. ఆ వయసులో బొగ్గు బస్సు నెట్టారు పాపం.

ఈసారి ఉత్తరం పంపలేదు. ఇరవై ఇళ్ళూ చీట్లు తీసింది కూడా బస్సులోనే. ఊళ్ళోకి అడుగుపెట్టేసరికి మగ్గం చప్పుడన్నది లేదు. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ మగ్గం బోడిగా ఉంది, నేసేవాళ్ళు కాళ్ళు పెట్టే గుంటలో సాలీళ్ళు గూళ్ళు కట్టాయి. అప్పుడు కులపెద్ద నిజం చెప్పాడు. ఊరంతటికీ ఉన్నవి నాలుగే నాలుగు పడుగులు. నేను అరుగు మీద మజ్జిగ తాగుతుంటే వాటిని అచ్చుతో, అంటే దారాలు దూర్చే పళ్ళచట్రంతో సహా ఊడదీసి, చుట్టి, దొడ్డిదారిన ముందిళ్ళకి మోసేవారు.

"ఎందుకయ్యా ఇంత నాటకం?" అన్నారు పెద్ద గుమాస్తా గారు.

"బోడి మగ్గం పరాయివాళ్ళ కంట పడకూడదండి మాకు. ఇంట్లో శవం ఉన్నంత అరిష్టం. అదొకటి. రెండోది, పోయినేడు ఒక ఆఫీసరు గారొచ్చి, మగ్గం ఖాళీగా ఉన్న ఇళ్ళన్నీ దొంగ కార్డులని నూలు కార్డులు లాక్కెళ్ళారు. ఈ బాబుగారూ అందుకే వచ్చారనుకున్నాం. గంజి పొయ్యడానికని ఒక్క మాట చెప్పుంటే మేమెందుకు ఆడతామండి నాటకం?"

వాళ్ళ దగ్గర దాచింది మేము, మా దగ్గర దాచింది వాళ్ళు. మధ్యలో నిజం చెప్పింది ఒక్క మనిషి.

ఊరు జాబితాకెక్కింది. గంజి కేంద్రం మొదలెట్టిన రోజున నేనూ వెళ్ళాను. గంగాళం ముందు ఊరంతా పోగయ్యాక, పెద్ద గుమాస్తా గారు నా భుజం మీద చెయ్యి వేసి కాస్త ముందుకి తోశారు. చెప్పాను. ఆ సున్నా లెక్కలోకి రాలేదని, దాన్ని కొట్టేసింది నేనని, ఎర్రసిరా నాదని, దాన్ని అలా ఉంచుంటే రెండు నెలల ముందే ఈ గంజి వచ్చేదని. ఆవిడ ఒక్కతే మీ ఊరి కోసం మాట్లాడిందని కూడా చెప్పాను. చెప్తూ జనంలో ఆవిడ కోసం వెతికాను.

ఆ రోజు ఎడంగా నిలబడ్డ పెద్దావిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏరీ వాళ్ళు?" అని అడిగాను.

"లేరు బాబుగారూ" అన్నాడు కులపెద్ద. "దాని పెనిమిటి పోయాడు. ఆ మర్నాడే అది ఊరొదిలి పోయింది. బందరు వైపని ఒకరంటారు, సముద్రం ఒడ్డున చేపలెండేసే పనికని ఒకరంటారు. వెళ్ళేముందు మా ఇంటికొచ్చింది. నా మూలాన ఊరు మాడింది మావా, క్షమించమని కాళ్ళ మీద పడింది." భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. "నేను... పొమ్మన్నాను."

మళ్ళీ అతనే అన్నాడు. "మాకు చెప్పారు, బానే ఉంది. ఆవిడకెవరు చెప్తారండీ?"

రెండేళ్ళు వెతికాను. బందరు పనిమీద వెళ్ళినప్పుడల్లా చేపలెండేసే ఇసక దిబ్బల్లో తిరిగాను. పేరేమిటని అడిగేవాళ్ళు. పలానావాడి భార్య అనేవాణ్ణి, ఆ పలానావాడు పోయాడు, ఇంక ఎవరికి తెలుస్తుంది? కులపెద్దనే అడిగితే, మా ఇళ్ళలో కోడళ్ళని పేర్లు పెట్టి పిలవం బాబుగారూ, గుర్తులేదన్నాడు.

నా ఉద్యోగం మాత్రం ఏమీ కాలేదు. ఒక మెమో ఇచ్చారు, అది కూడా తర్వాత ఫైల్లోంచి తీసేశారు. ప్రమోషన్లు వచ్చాయి, పెన్షన్ వస్తోంది. ఆవిడ బతికుంటే ఇప్పటికి అరవై దాటుంటాయి. తన నోటి మాట వల్లే ఊరు మాడిందని, తన పిల్ల పోయిందని ఈ రోజుకీ అనుకుంటూ ఉండుంటుంది. కాదమ్మా అని చెప్పాల్సినవాణ్ణి ఎదురుగా నిలబడి కూడా చెప్పలేదు.